ఆసుపత్రిలో ఉన్న నాన్నకి నికోటిన్ గమ్: మీ ఇంట్లో ఎవరైనా వాడారా?

గోదారి గట్టు
మా నాన్నకి 61 ఏళ్లు. పోయిన సోమవారం గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు. ముప్పై అయిదేళ్లుగా రోజుకి పెట్టె, పెట్టెన్నర సిగరెట్లు తాగే మనిషి. సీసీయూలో రెండు రోజులు మగతగా ఉన్నారు. వార్డుకి మార్చాక మొదలైంది. అన్నం బాలేదని అమ్మ మీద, ఇంజెక్షన్ ఇచ్చిన సిస్టర్ మీద, చివరికి ఫ్యాన్ మీద కూడా కోపమే. నిన్న రాత్రి చేతికి సెలైన్ సూదితోనే మెట్ల దాకా వెళ్లి వాచ్‌మన్‌ని బీడీ అడిగారట. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు "ఇక సిగరెట్ ముట్టుకోకూడదు" అని పక్క మంచానికి వెళ్లిపోయారు. ఎలా మానాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మందుల షాపులో సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ చూశాను. గుండె పేషెంటుకి ఇవ్వొచ్చా?

నైట్ డ్యూటీ సిస్టర్
తమ్ముడూ, మీ అంతట మీరు కొని పెట్టకండి. ముందు డ్యూటీ డాక్టర్‌ని అడగండి. గుండెపోటు వచ్చి రెండు వారాలైనా కాలేదు కాబట్టి డాక్టరు చూసి నిర్ణయించాలి. అంటే ఇవ్వకూడదని కాదు. సిగరెట్ పీలిస్తే నికోటిన్ క్షణాల్లో మెదడుకి ఎక్కుతుంది, దానితో పాటు కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోకి పోతుంది. గమ్‌లో ఆ పొగ లేదు, నికోటిన్ కూడా మెల్లగా, తక్కువగా ఎక్కుతుంది. మెట్ల మీద దొంగ బీడీతో పోల్చి చూసుకోండి.

ఇంకో మాట. రోజుకి ఎన్ని తాగేవారు, పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగించేవారు, ఈ రెండూ కేస్ షీటులో రాయించండి. మా వాళ్లు "పొగ తాగుతారు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, దాంతో మోతాదు తేలదు. ఆ కోపం కూడా మీ నాన్నగారిది కాదు, నికోటిన్ అందక వచ్చేది. మొదటి రెండు మూడు రోజులే బాగా ఎక్కువ. ఆ తర్వాత మూడు నాలుగు వారాల్లో మెల్లగా తగ్గుతుంది.

కరీంనగర్ కాకా
నేను కొడుకుని కాదు, పేషెంట్‌నే. బైపాస్ అయ్యాక నాకూ గమ్ రాశారు. ఎలా నమలాలో చెప్పలేదు. చిన్నప్పటి బబుల్ గమ్ లాగా గబగబా నమిలాను. ఎక్కిళ్లు, కడుపులో మంట. కుట్లు పచ్చిగా ఉన్న ఛాతీతో ఎక్కిళ్లంటే ఏమిటో పడ్డవాడికే తెలుస్తుంది. పెట్టె కిటికీలోంచి విసిరేశాను.

రెండోసారి శ్వాస ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి చూపించింది. మెల్లగా నమలాలి, నోట్లో మిరియం ఘాటు తగలగానే ఆపాలి, బుగ్గకీ చిగురుకీ మధ్య అదిమి పెట్టాలి. ఘాటు తగ్గాక మళ్లీ రెండు నములు. అలా అరగంట. ఊరిన ఉమ్మి గటగటా మింగొద్దు. ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపు టీ, కాఫీ, నిమ్మరసం వద్దు, నికోటిన్ సరిగ్గా పట్టదు.

నిజం మాట
ఒక అలవాటు పోగొట్టి ఇంకోటి అంటగట్టడమే కదా ఇది? మా బాబాయి ఏ గమ్మూ లేకుండా తిరుపతిలో గుండు చేయించుకుని మానేశాడు.

కరీంనగర్ కాకా
మీ బాబాయికి దండం. నేను మూడుసార్లు గుండు చేయించుకున్నాను. జుట్టూ తిరిగొచ్చింది, సిగరెట్టూ తిరిగొచ్చింది. గమ్ రెండున్నర నెలలు వాడి ఆపేశాను. గమ్ కోసం అర్ధరాత్రి లేచి ఊరంతా తిరగలేదు, సిగరెట్ కోసం తిరిగాను.

మందుల కొట్టు
2 ఎంజీ గమ్ చీటీ లేకుండా ఇస్తాం, 4 ఎంజీకి చీటీ కావాలి. లేచిన అరగంటలోపే వెలిగించేవాళ్లకి సాధారణంగా 4 రాస్తారు. కట్టుడు పళ్లుంటే గమ్ అతుక్కుంటుంది, వాళ్లకి చప్పరించే నికోటిన్ బిళ్లలో, చర్మానికి అతికించే నికోటిన్ ప్యాచీయో నయం.

ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఆయాసానికి డెరిఫిల్లిన్ లాంటి థియోఫిలిన్ మాత్ర వాడుతూ పొగ హఠాత్తుగా మానేస్తే ఆ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. వాంతులు, గుండె దడ రావచ్చు. దీనికి కారణం నికోటిన్ కాదు, పొగ ఆగిపోవడం. మోతాదు మార్చాలేమో డాక్టర్‌ని అడగాలి. కాఫీ కూడా అంతే, అవే రెండు కప్పులు ఎక్కువ పనిచేస్తాయి. నిద్ర పట్టట్లేదంటే ఒక కప్పు తగ్గించి చూడండి.

నాగావళి
మా అమ్మమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. తుంటి ఎముక విరిగి ఆపరేషన్‌కి చేరిస్తే "బీడీ, సిగరెట్ అలవాటుందా" అని అడిగారు. లేదన్నాం. నిజమే కదా! రెండో రాత్రి ఆవిడ సంచి వెతుకుతూ మంచం దిగబోతే అప్పుడు తట్టింది మాకు. పళ్లు లేవు, గమ్ కుదరదు, ప్యాచీ వేశారు. రోజూ చోటు మార్చకపోతే దురద పెడుతుంది. రాత్రంతా ఉంచితే పిచ్చి కలలొస్తున్నాయంది, అడిగితే పడుకునే ముందు తీసేయమన్నారు. ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ చుట్ట ఊసెత్తలేదు. ఇంటికొచ్చిన సాయంత్రమే పక్కింటావిడ పరామర్శకి వస్తూ చుట్టలు తెచ్చింది. ఇప్పుడు రోజుకొకటి తాగుతోంది. మానేసిందని అబద్ధం చెప్పను.

నైట్ డ్యూటీ సిస్టర్
నాగావళి గారు చెప్పిందే మేం రోజూ చూసేది. వార్డులో మానడం సగమే. డిశ్చార్జ్ తర్వాత కనీసం నెల రోజులు ఎవరో ఒకరు ఫోన్ చేసి పలకరిస్తూ ఉంటే మానేవాళ్లు పెరుగుతారని పరిశోధనల్లోనూ తేలింది. అందుకే గమ్ పేరు డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకోండి, లేకపోతే వార్డులోనే ఆగిపోతుంది. సిగరెట్ పెట్టె మీదే 1800-11-2356 అని ఉంటుంది, అది ఉచిత క్విట్‌లైన్, అంటే పొగాకు మానడానికి సాయం చేసే ఫోన్ నంబరు. ఎంఆర్ఐకి పంపితే ప్యాచీ సంగతి ముందే చెప్పండి, కొన్నిటిలో లోహపు పొర ఉండి చర్మం కాలుతుంది.

గోదారి గట్టు
డాక్టరుగారిని కూర్చోబెట్టి అడిగాను. చూసి 2 ఎంజీ రాశారు, సమ్మరీలోనూ ఎక్కించారు. నాన్న మొదటి గమ్ ఉమ్మేశారు, రెండోది కాకా గారి పద్ధతిలో నమిలారు. ఈ రోజు అమ్మ మీద అరవలేదు, ఉప్పు తక్కువైందని మాత్రం అన్నారు. గురువారం ఇంటికి పంపుతారట. మా వీధి మలుపులో టీ కొట్టు, అక్కడ ఆయన స్నేహితులు నలుగురు. రేపు నేనే వెళ్లి వాళ్లతో మాట్లాడాలి. ఏమని మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి.