రామోన్స్ తొలి ఆల్బమ్: ఎడమ చెవిలో గిటార్ ఎందుకు వినపడదు?

ప్రశ్న: అమెరికన్ పంక్ రాక్ బ్యాండ్ రామోన్స్ 1976 నాటి ‘రామోన్స్’ ఆల్బమ్‌ని ఎడమ ఇయర్‌ఫోన్ ఒక్కటే పెట్టుకుని వింటే పాట, డ్రమ్స్, బేస్ వస్తున్నాయి, గిటార్ మాత్రం దాదాపు లేదు. ఫైల్ పాడైందా? ఈ బ్యాండ్‌వి స్టూడియో ఆల్బమ్‌లే 14 ఉన్నాయి, ఏ వరసలో వినాలి?

జవాబు 1: ఫైల్ బాగానే ఉందండి, మిక్సింగే అలా చేశారు. బేస్ ఎడమకి, గిటార్ కుడికి, గొంతూ డ్రమ్సూ మధ్యలో. బీటిల్స్ తొలినాళ్ల స్టీరియో రికార్డుల పద్ధతి ఇది. ఒక్క చెవితోనే వినాలంటే ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో (రెండు వైపులా ఒకే ధ్వని) ఆన్ చేయండి. నిర్మాత క్రెయిగ్ లియోన్ స్వయంగా చేసిన మోనో మిక్స్ కూడా 2016లో వచ్చింది. గిటార్ నేర్చుకునేవాళ్లకి మాత్రం స్టీరియోనే వరం. బ్యాలెన్స్ మొత్తం కుడికి జరపండి, గిటారిస్ట్ జానీ చేయి విడిగా వినిపిస్తుంది. అన్నీ కిందికి కొట్టే దెబ్బలే.

జవాబు 2: ఆ దెబ్బల గురించి ఒక మాట. ఈ ఆల్బమ్‌లోని ‘బ్లిట్జ్‌క్రీగ్ బాప్’ పాట వేగం నిమిషానికి సుమారు 175 బీట్లు, బీటుకి రెండు దెబ్బలు. మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని లయ చూపే పరికరం) 120 దగ్గర పెట్టి మొదలుపెట్టి, ఐదేసి చొప్పున పెంచండి. మోచేయి బిగిస్తే పాట సగానికే చేయి పట్టేస్తుంది, కదలిక మణికట్టు నుంచే రావాలి. మధ్యలో పైకి కొట్టారంటే పిక్ ముందుగా సన్న తీగలకి తగులుతుంది, బరువు పోతుంది. ఆంప్లిఫయర్ మీద గెయిన్ (ధ్వనిని గరుకుగా చేసే నాబ్) మరీ పెంచినా కార్డ్స్ (కలిపి మీటే స్వరాలు) ముద్దయిపోతాయి.

జవాబు 3: వరస అంటే, ముందు ఈ తొలి ఆల్బమ్, తర్వాత 1977లోనే వచ్చిన ‘లీవ్ హోమ్’, ‘రాకెట్ టు రష్యా’. ‘లీవ్ హోమ్’ కాపీలన్నీ ఒకటి కావు. కార్బోనా ఒక కంపెనీ ట్రేడ్‌మార్క్ కాబట్టి ‘కార్బోనా నాట్ గ్లూ’ పాట తర్వాతి కాపీల్లో తీసేసి, అమెరికాలో ‘షీనా ఈజ్ ఎ పంక్ రాకర్’, బ్రిటన్‌లో ‘బేబీసిట్టర్’ పెట్టారు. ఈ మూడూ అయ్యాక లైవ్ ఆల్బమ్ ‘ఇట్స్ అలైవ్’ వినండి. 1977 డిసెంబర్ 31న లండన్ రెయిన్‌బో థియేటర్‌లో రికార్డయింది. 28 పాటలు, స్టూడియోలో కన్నా వేగంగా. 1978 ‘రోడ్ టు రూయిన్’కి డ్రమ్స్ మీదకి మార్కీ వచ్చాడు, అంతవరకు డ్రమ్మర్‌గా ఉన్న టామీ నిర్మాణంలో ఉండిపోయాడు. అకూస్టిక్ గిటార్లు చేరింది ఇందులోనే. 1980లో నిర్మాత ఫిల్ స్పెక్టర్ చేసిన ‘ఎండ్ ఆఫ్ ద సెంచరీ’ దాటేసి, టామీ నిర్మాతగా తిరిగొచ్చిన 1984 ‘టూ టఫ్ టు డై’కి వెళ్లిపోవచ్చు.

జవాబు 4: ‘ఎండ్ ఆఫ్ ద సెంచరీ’ని దాటేయమనడం అన్యాయమండీ. ‘బేబీ ఐ లవ్ యూ’లో వయొలిన్లు బ్యాండ్‌ని మింగేశాయి, ఒప్పుకుంటా. కానీ ‘డ్యానీ సేజ్’ వినండి: మెల్లగా, గొంతే ముందుండి మొదలై, డ్రమ్స్ తర్వాతెప్పుడో అందుకుంటాయి. గాయకుడు జోయి గొంతులోని మెత్తదనం మొదటి మూడు ఆల్బమ్‌లలో ఇంత దగ్గరగా దొరకదు.