కౌంటీ ఫెయిర్‌కి మొదటిసారి: జామ్, ఆవకాయ, బెండకాయల మీద సందేహాలు

పిల్లలకి ఇంట్లోనే చదువు, ఉండేది అమెరికాలో. ఇంట్లో చేసినవి, పండించినవి పోటీకి పెట్టే మా కౌంటీ (జిల్లా లాంటిది) ఫెయిర్‌లో ఈసారి ఇద్దరూ పాల్గొంటున్నారు. ఫోర్-ఎచ్ (పిల్లల క్లబ్బుల సంస్థ) పోటీలు మామూలుగా 8 ఏళ్ల నుంచే కాబట్టి పదేళ్ల పాప అందులో, ఏడేళ్ల బాబు ఓపెన్ క్లాస్‌లో (ఎవరైనా పాల్గొనే విభాగం).

పాపది స్ట్రాబెర్రీ జామ్. హాఫ్ పింట్ (పావు లీటరుకి కాస్త తక్కువ) సీసా, పైన పావు అంగుళం ఖాళీ, మరిగే నీళ్లలో 10 నిమిషాలు. లేబుల్ మీద పేరు, పద్ధతి, నిమిషాలు, తేదీ. సీల్ బాగానే పడుతోంది. చిక్కల్లా పండు ముక్కలు పైకి తేలి, అడుగున ఒట్టి జెల్లీ మిగలడం. పండు పచ్చిగా ఉన్నా, సరిగా చిదమకపోయినా ఇలా అవుతుందంటారు. పొయ్యి దించాక 5 నిమిషాలు కలిపి సీసాల్లో పోస్తే ముక్కలు నిలుస్తాయట, కానీ అంతసేపట్లో జామ్ చల్లారిపోదా? పైకి తేలితే జడ్జి ఎంత తగ్గిస్తారు? మూత మీద బిగించే స్క్రూ రింగు తుప్పు పట్టకుండా తీసి దాస్తున్నాం. ఇచ్చేటప్పుడు మళ్లీ పెట్టాలా?

ఆవకాయ సంగతి: క్యానింగ్ (సీసాల్లో సీల్ చేసి నిల్వ చేయడం) విభాగాల్లో చాలాచోట్ల, నిల్వకి సురక్షితమని పరీక్షించిన రెసిపీలే తీసుకుంటారు, నూనె పచ్చళ్లకి అలాంటిది దొరకలేదు. వెనిగర్, పంచదారతో మామిడికాయ చట్నీ ఉంది గానీ దాన్ని ఆవకాయ అంటే మా అమ్మ ఒప్పుకోదు. వేరే విభాగంలో ఎవరైనా పెట్టారా?

బాబువి బెండకాయలు. పెద్దవాటికన్నా ఒకే సైజువి, మూడు నాలుగు అంగుళాల లేతవి మేలని తెలుసు. ముందురోజు కోస్తే ఫ్రిజ్‌లో మచ్చలు పడుతున్నాయి, బయట వాడిపోతున్నాయి. రాత్రికి ఎలా దాచాలి?