‘లతాంతములకు’ తర్వాత ఒక మకారమా, రెండా? (మాట్లాడేవాళ్లకు పేర్లుగా వాళ్ల ఊళ్లే)

కందుకూరు: వేప పూతకొచ్చింది. నన్నయ భారతం ఆదిపర్వంలో వసంతం పద్యం నిన్నటి నుంచి నోట్లో సగమే ఆడుతోంది. “కమ్మని లతాంతములకు మొనసి వచ్చు...” ఎక్కడో తాళం తప్పుతోంది. నాలుగు పాదాలూ ఎవరైనా పెడతారా?

కావలి: తప్పేది అక్కడే సార్. “లతాంతములకు మ్మొనసి వచ్చు మధుపమ్ముల సుగీతనినదమ్ము లెసగెం జూ”. ఇది లయగ్రాహి వృత్తం, పాదానికి గణాలు వరసగా భజసనభజసనభయ. మూడోది సగణం, అంటే రెండు లఘువులూ ఒక గురువూ; ‘ములకు’లో కు గురువు కావాలి. ఒంటి మకారమైతే మూడూ లఘువులే. పైగా 2, 10, 18, 26 అక్షరాల్లో ‘మ్మ’ పడాలి.

అద్దంకి: అది ఊరికే వత్తడం కాదు, ద్రుతం, అంటే పదం చివరి నకారం. లతాంతములకున్ (పూలకు) + మొనసి; నకారం పక్క మకారంలో కలిసింది. ‘కుమ్ము’ అనే క్రియ వెతక్కండి.

కావలి: ఎవరూ వెతకలేదులే మాష్టారూ. ‘మొనసి’ సంగతి తేల్చండి. పూనుకొని అనేస్తారు. మొన అంటే సేన కూడా కదా, తుమ్మెదలు దండు దిగినట్టు దిగాయని నా వాదం.

ఉలవపాడు: మామిడి పూత మీద దండు దిగేది ఎక్కువగా ఈగలే, కాయ కట్టించేదీ అవే. నాకు కోయిలలు మామిడిని రుచి చూసే రెండో పాదంతో పేచీ. చూతానికి, అదే మామిడికి, కిసలయాలూ (చిగుళ్లూ) ముకుళాలూ (మొగ్గలూ) ఒకేసారి ఎట్లా? కొత్త చిగురేసిన కొమ్మ ఆ ఏడు పూత ఎగ్గొడుతుంది. పూతకు ముందు రెండు నెలలు తడి ఆపకుండా, నవంబరులో యూరియా కూడా వేస్తే వచ్చేది చిగురే. పూత కంకి మీద బూడిద తెగులు కనబడితే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, అదీ పూలు విప్పకముందే. విప్పాక కొడితే ఈగ వాలదు, పిందె నిలవదు.

అద్దంకి: ‘కిసలయమ్ముల’ను షష్ఠిగా, ‘చిగుళ్ల యొక్క’ అని తీసుకోండి, కోయిల రుచి చూసేది మొగ్గనే.

కావలి: ‘ల’తో ద్వితీయ, ‘చిగుళ్లను’ అని కూడా అవుతుంది కదండీ!

ఉలవపాడు: ఏ విభక్తి అయినా కోయిలకు కావలసింది పండే.

అద్దంకి: ఋతువర్ణనంటే మా ఎఱ్ఱనదే. అరణ్యపర్వంలో నన్నయ ‘శారదరాత్రులు’ పద్యం దగ్గర ఆగితే, అదే శరత్తును ‘స్ఫురదరుణాంశు’ అంటూ తెల్లవారుజాముతో అందుకున్నాడు. రాత్రికి ఉదయం అతికించిన చోట కుట్టు కనబడుతుందా?

కావలి: మరి పదిహేను పర్వాలు కుట్టిన మా నెల్లూరి తిక్కన?

కందుకూరు: అయ్యా, నాలుగో పాదం...

ఉలవపాడు: అందులో కింశుకం ఉంది, మోదుగ. దానికి పూసేటప్పుడు ఆకే ఉండదు. అక్కడ మాత్రం కవి చెట్టును చూసే రాశాడు.