అద్దె ఇంట్లో సిగరెట్ వాసన పోవట్లేదు, అడ్వాన్స్‌లో పట్టుకోవచ్చా?

నిజాంపేట ఓనర్:
టూ బెడ్‌రూమ్ ఫ్లాట్, మూడేళ్లున్నారు, పోయిన నెలాఖరుకి ఖాళీ చేశారు. తలుపు తీయగానే గుప్పుమని సిగరెట్ కంపు. హాల్లో క్యాలెండర్ తీస్తే దాని వెనక గోడ తెల్లగా ఉంది, చుట్టూ అంతా టీ మరక రంగు. రంగు రెండుసార్లు వేయించాను, వారానికే పసుపు మళ్లీ పైకి తేలింది. అడ్వాన్స్ ఎంత పట్టుకోవచ్చు? కొత్తవాళ్ల అగ్రిమెంట్‌లో ఏం రాయాలి?

పెయింట్ పని 22 ఏళ్లు:
నీళ్ల ప్రైమర్ కొట్టించి ఉంటారు. సిగరెట్ జిడ్డు నీళ్ల రంగులోంచి పైకి వచ్చేస్తుందండి. ముందు బట్టల సోడా నీళ్లతో గోడలు, సీలింగ్ కడిగించండి. పూర్తిగా ఆరాక ఆయిల్ ప్రైమర్, ఆ తర్వాతే ఎమల్షన్.

బెజవాడ అమ్మమ్మ:
మా కింద వాటాలో అబ్బాయి బాత్‌రూమ్‌లో కాలుస్తాడు. ఆ పొగంతా డక్ట్‌లోంచి మా బాత్‌రూమ్‌లోకి వస్తోంది. మనవడికి ఉబ్బసం. ఏం చేయాలి బాబూ?

అద్దెకుంటున్నా:
మా ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లే లేరు. అమ్మ శుక్రవారం సాంబ్రాణి వేస్తుంది, అంతే. దాన్ని సిగరెట్ పొగ అని ఓనర్ 14 వేలు కోసుకున్నాడు. ఎవరు ఖాళీ చేసినా పెయింటింగ్ పేరుతో నెల అద్దె పట్టుకోవడం ఓనర్లకు అలవాటైపోయింది. 2021 మోడల్ టెనన్సీ చట్టం చదవండి, సున్నం వేయించడం ఓనర్ బాధ్యతే.

నిజాంపేట ఓనర్:
అది రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. మూడేళ్లు కిటికీ తీయకుండా కాల్చింది కూడా నా బాధ్యతేనా?

తణుకు రైతు:
ఆయిల్ ప్రైమర్ డబ్బు దండగ. గట్టి సున్నం రెండు చేతులు కొట్టించండి, వాసన మొత్తం పీల్చేస్తుంది. మా నాన్నగారు జీవితాంతం చుట్ట తాగారు, మా ఇల్లు సున్నంతోనే గడిచింది.

పెయింట్ పని 22 ఏళ్లు:
అన్నా, మీ ఇంటి గోడ మొదటి నుంచీ సున్నపు గోడ. ఈయనది లప్పం పెట్టి ఎమల్షన్ వేసిన గోడ. దాని మీద సున్నం పట్టదు, పొరలు పొరలుగా ఊడిపోతుంది. ఊడాక నాకే ఫోన్ చేస్తారు.

తణుకు రైతు:
మీకు ప్రైమర్ షాపు కమీషన్ ఉంటుంది, అలాగే చెబుతారు.

పెయింట్ పని 22 ఏళ్లు:
చేతి పని చేసి బతుకుతున్నా, కమీషన్ మాట అనకండి. అద్దెకుంటున్న తమ్ముడికి ఒక మాట. దీపం మసి, సాంబ్రాణి మసి నల్లగా, ఆ మూలనే పడతాయి, వేలితో తుడిస్తే అంటుకుంటాయి. సిగరెట్‌ది పసుపు జిడ్డు. సీలింగ్, స్విచ్ బోర్డులు, ఫ్యాన్ రెక్కలు అన్నిటికీ పడుతుంది. ఖాళీ చేసే రోజు ఓనర్‌ని పక్కన నిలబెట్టి వీడియో తీసుకో.

మియాపూర్ మూడు ఫ్లాట్లు:
అగ్రిమెంట్ సంగతి. 2003 పొగాకు చట్టం బహిరంగ ప్రదేశాలకు, ఇంట్లో కాల్చడాన్ని అది ఆపదు. మనం రాసుకున్న షరతే దిక్కు. నేను 11 నెలల కాగితంలో ‘ఇంట్లో, బాల్కనీలో పొగ తాగరాదు, మరక పడితే కడిగే ఖర్చు అడ్వాన్స్‌లోంచి’ అని రాయిస్తాను, తాళాలిచ్చే రోజే ఫొటోలు తీస్తాను. ఏసీ లోపలి యూనిట్ కూడా కడిగించండి, సగం వాసన అక్కడే.

బెజవాడ అమ్మమ్మ:
నా ప్రశ్నకి ఎవరూ పలకలేదు.

పెయింట్ పని 22 ఏళ్లు:
క్షమించండమ్మా. వెంటిలేటర్ అద్దాల సందులు మూయించి, ఆగినప్పుడు దానంతటదే మూసుకునే షట్టర్ ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. కింది అబ్బాయికి మనవడి సంగతి కూడా చెప్పండి.

నిజాంపేట ఓనర్:
ఇవాళ హాలు కడిగించాను. బకెట్‌లో నీళ్లు డికాషన్‌లా దిగాయి. రంగు ఖర్చు నాదే, కడిగిన కూలీ మాత్రమే పట్టుకుంటున్నాను.

తణుకు రైతు:
కడిగాకైనా సున్నమే వేయించాల్సింది.

బెజవాడ అమ్మమ్మ:
ఫ్యాన్ ఆరు అంగుళాలది సరిపోతుందా బాబూ, ఎనిమిదిది తీసుకోవాలా?