పోకెమాన్ విస్‌క్యాష్‌కి ‘ఎర్త్‌క్వేక్’ ఎందుకు? దాని వెనకున్న అసలు చేప ఏది?

చిత్తడి_చేప:
2002లో పోకెమాన్ రూబీ, సాఫైర్ గేమ్‌లతో వచ్చిన విస్‌క్యాష్ మీసాలు చూస్తే వాలుగ, జెల్లల తరహా చేప అని ఇట్టే తెలుస్తుంది. కానీ నీళ్లలో ఉండే చేపకి గ్రౌండ్ టైప్ ఎందుకు ఇచ్చారు? పైగా ‘ఎర్త్‌క్వేక్’ (భూకంపం) అనే మూవ్ కూడా నేర్చుకుంటుంది. శత్రువు దగ్గరికొస్తే ఒళ్లు విదిలించి నేలను కంపింపజేస్తుందని పోకెడెక్స్‌లో, అంటే గేమ్‌లోని పోకెమాన్ల వివరాల పుస్తకంలో ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రి_గేమర్:
అది జపాన్ వాళ్ల ‘నమాజు’ (ప్రార్థన కాదు, చేప పేరు) అన్నా. భూమి కింద ఒక పెద్ద మీసాల చేప ఉంటుందని, అది కదిలితే భూకంపం వస్తుందని అక్కడి పాత నమ్మకం. కాషిమా గుడిలోని దేవుడు తాకెమికజుచి దాని తలమీద రాయి పెట్టి అదిమి ఉంచుతాడట. ఆయన ఏమరుపాటుగా ఉంటే చేప తోక కొడుతుంది. ఈ కథ తెలిశాక ఆ గ్రౌండ్ టైప్ ఎంత ఆలోచించి ఇచ్చారో అర్థమవుతుంది.

ఇబరాకి_తెలుగు:
నేను జపాన్‌లోని ఇబరాకిలోనే ఉద్యోగం చేస్తున్నాను. కాషిమా గుడికి వెళ్తే ఆ రాయిని చూడొచ్చు, పేరు కనామెయిషి. పెద్ద బండరాయి ఉంటుందనుకుని వెళ్తారు చాలామంది. నేలపైకి కనిపించేది చిన్న ముక్కే, మిగతాదంతా లోపలే ఉందంటారు. తొకుగావా మిత్సుకుని అనే పాతకాలపు ప్రభువు ఏడు రోజులు తవ్వించినా అడుగు దొరకలేదని కథ. పక్క చిబా జిల్లాలోని కతోరి గుడిలో ఇంకో రాయి ఉంది. కాషిమా రాయి పైభాగం గుంటగా, కతోరిది ఉబ్బెత్తుగా ఉంటాయి. వీలైతే రెండూ చూడండి.

గోదారి_కుర్రాడు:
మన ఆదిశేషుడు పడగ మార్చుకుంటే భూమి కదులుతుందని మా నాయనమ్మ చెప్పేది. అక్కడ పాము కాకుండా చేప ఎలా వచ్చింది?

పాత_బొమ్మలు:
గోదారి గారూ, అక్కడ కూడా మొదట్లో చేప కాదు, డ్రాగన్. పాత జపాన్ పటాల్లో దేశాన్ని చుట్టుకుని పడుకున్న డ్రాగన్ కనిపిస్తుంది. ‘ఎదో’ (Edo) అనే చారిత్రక కాలానికి వచ్చేసరికి ఆ చోటు చేపకి దక్కింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి 1855 నాటి బొమ్మలు. ఆ ఏడాది నవంబరులో ఎదో నగరాన్ని, అంటే ఇప్పటి టోక్యోని, పెద్ద భూకంపం కుదిపేసింది. కొన్నాళ్లలోనే చెక్క అచ్చులతో ‘నమాజు-ఎ’ బొమ్మలు వందల రకాలు బజారుకొచ్చాయి. పాత క్యాలెండర్ ప్రకారం అది దేవుళ్లంతా ఇజుమో గుడికి వెళ్లే నెల. అందుకే కాషిమా దేవుడు ఊళ్లో లేడని, కాపలాకి ఉంచిన ఎబిసు అనే ఇంకో దేవుడు నిద్రపోయాడని గీశారు. కొన్నిట్లో జనం చేపని చితకబాదుతుంటారు. ఇంకొన్నిట్లో వడ్రంగులు, తాపీ పనివాళ్లు దాన్ని వెనకేసుకొస్తారు, ఎందుకంటే కూలిన ఇళ్లు మళ్లీ కట్టే పని వాళ్లదే. డబ్బున్నవాళ్లు నాణేలు కక్కుతున్న బొమ్మలూ ఉన్నాయి. ఇళ్లూ మనుషులూ పోయిన సమయంలో ఊరు తన కోపాన్నీ ఆశనీ ఒక చేప మీద పెట్టుకుంది. చివరికి ప్రభుత్వం వీటిని నిషేధించింది. విస్‌క్యాష్ అంటే ఇష్టమున్నవాళ్లు ఈ బొమ్మలు తప్పకుండా చూడాలి.

జీవశాస్త్రం_పిచ్చి:
చేప వైపు నుంచి ఒక మాట. ఈ మీసాల చేపల చర్మంలో చాలా సన్నని విద్యుత్తును కూడా పసిగట్టే అవయవాలుంటాయి. బురద నీళ్లలో ఎరని వెతుక్కోవడానికి అవి పనికొస్తాయి. భూకంపాలను ముందే పసిగడతాయని మాత్రం రుజువు కాలేదు. విస్‌క్యాష్ ముందు రూపమైన బార్‌బోచ్, లోచ్ అనే సన్న చేప నుంచి వచ్చింది. వాతావరణం మారేముందు కొన్ని లోచ్‌లు అల్లాడిపోతాయని పేరు.

చిత్తడి_చేప:
అందరికీ చాలా థాంక్స్. విస్‌క్యాష్‌కి ‘యాంటిసిపేషన్’ ఎబిలిటీ ఎందుకు ఇచ్చారో కూడా ఇప్పుడు తెలిసింది. ఎదుటివాడి దగ్గరున్న ప్రమాదకరమైన మూవ్‌ని ముందే పసిగట్టడం దాని పని కదా! అసలైన భూకంపాలను ముందే కనిపెడుతుందని పోకెడెక్స్‌లో రాసింది కూడా ఇందుకే అన్నమాట.

ఇబరాకి_తెలుగు:
ఇంకోటి చెప్పడం మరిచాను. పెద్ద భూకంపం వస్తే మామూలు వాహనాలను ఆపేసే రోడ్లు ఇక్కడ కొన్ని ఉన్నాయి. ఆ బోర్డుల మీద ఈ చేప బొమ్మే ఉంటుంది. ఈసారి కనిపిస్తే ఫోటో తీసి ఇక్కడ పెడతాను.