చంపిన ప్రాసెస్ సభ్యుల జాబితాలో మిగిలితే: చేత్తో తీసేయాలా, నోడ్‌ను ఫెన్స్ చేయాలా?

హనుమకొండ నిర్వాహకుడు:
మా దగ్గర రెండు నోడ్ల (సర్వర్ల) పాత క్లస్టర్ నడుస్తోంది. నోడ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కోరోసింక్ 2, వాటి మీద సేవలను నడపడానికి పేస్‌మేకర్ ఉన్నాయి. మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక ఉమ్మడి స్టోరేజీ కొంతసేపు అందలేదు. రెండో నోడ్‌లో ఉమ్మడి డిస్కు వాల్యూములను చూసుకునే సీఎల్‌వీఎండీ ప్రాసెస్‌ను కిల్ -9తో (బలవంతంగా ఆపే సిగ్నల్‌తో) చంపాను. అయినా కోరోసింక్-సీపీజీటూల్ చూపే ప్రాసెస్ గ్రూపు సభ్యుల జాబితాలో దాని పీఐడీ (ప్రాసెస్ సంఖ్య) అలాగే ఉంది. సీఆర్‌ఎం_నోడ్ -ఆర్ ఆదేశంతో తీసేస్తే సరిపోయేదానికి సర్వర్‌ను ఫెన్స్ చేయడం, అంటే బలవంతంగా రీబూట్ చేయించడం, ఎందుకన్నది నా వాదన.

కరీంనగర్ నుంచి:
మీ వాదనతో ఏకీభవించలేను. ఆ ఆదేశం ఆపివేసిన నోడ్‌ను పేస్‌మేకర్ లెక్కలోంచి తీసేయడానికి ఉన్నది. కోరోసింక్ ప్రాసెస్ గ్రూపును అది ముట్టుకోదు. పైగా ఆ పీఐడీ నిజంగా చచ్చిందా? ప్రాసెస్ ముగిసి దాని సాకెట్ మూసుకున్నప్పుడే కోరోసింక్ దాన్ని గ్రూపు నుంచి తొలగిస్తుంది. స్టోరేజీ జవాబు కోసం కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రంలో) ఇరుక్కున్న ప్రాసెస్‌కు మీరు పంపిన సిగ్నల్ వాకిట్లోనే నిలబడి ఉంటుంది, సాకెట్ తెరిచే ఉంటుంది, కాబట్టి జాబితా చెబుతున్నది నిజమే. ప్రాసెస్‌లను చూపే పీఎస్ ఆదేశంలో స్థితి ‘డి’ (సిగ్నల్‌కు కదలని నిరీక్షణ) అని ఉందేమో చూడండి. ఉంటే, స్టోరేజీ తిరిగొచ్చిన క్షణాన ఆగిన రాత డిస్కు మీద పడవచ్చు. ఈలోగా మొదటి నోడ్ అదే వాల్యూమ్‌ను తీసుకుంటే డేటా చెడుతుంది. ఆ రాతను ఆపగలిగేది ఫెన్సింగ్ ఒక్కటే.

మంచిర్యాల నుంచి:
అలాగని ప్రతిదానికీ ఫెన్సింగే అనకండి. మా వర్చువల్ మెషీన్లు బ్యాకప్ వేళ రెండేసి సెకన్లు స్తంభించేవి, బాగున్న నోడ్ రీబూట్ అయ్యేది. కోరోసింక్ 2లో టోకెన్ గడువు (నోడ్ స్పందన కోసం ఆగే సమయం) మామూలుగా 1000 మిల్లీసెకన్లే, 3.1 నుంచి 3000 చేశారు. మేము గడువు పెంచాక ఆ బాధ తప్పింది.

కరీంనగర్ నుంచి:
అది నోడ్ సభ్యత్వం సంగతి, ఇది ప్రాసెస్ సభ్యత్వం సంగతి. కోరం నోడ్ల ఓట్లను లెక్కిస్తుంది తప్ప పీఐడీలను కాదు. టోకెన్ ఎంత పెంచినా ఈ చిక్కు వీడదు. పీఎస్‌లో ఆ పీఐడీ అసలు లేకుండా, గ్రూపులో మాత్రం కనబడితే అప్పుడది నిజంగా పాతబడిన నమోదు. అప్పుడు రెండు నోడ్లలోనూ సీపీజీటూల్ చూసి, ఆ నోడ్‌లో పేస్‌మేకర్‌ను, ఆ తరువాత కోరోసింక్‌ను ఆపి మళ్ళీ మొదలుపెడితే చాలు. రీబూట్ అక్కర్లేదు.

హనుమకొండ నిర్వాహకుడు:
చూశాను, ‘డి’ అనే ఉంది. ఫెన్స్ చేశాను, జాబితా సరిపడింది. నడిరాత్రి రీబూట్ మీద నా అయిష్టం మాత్రం అలాగే ఉంది.