గుట్ట మీది చిరుత పిల్లలు: బోనుకు సంతకం పెట్టాలా?

డాబా_ఇల్లు, తిరుపతి: మా ఇల్లు కాలనీలో చివరిది. వెనకే శేషాచలం గుట్ట. పది రోజులుగా పొద్దు వాలాక ఒక తల్లి చిరుత, రెండు పిల్లలు బండ మీదికి వస్తున్నాయి. పిల్లలు తల్లి తోక పట్టుకుని లాగుతుంటే చూడాలి! బైనాక్యులర్‌తోనే చూస్తాను, టార్చి వేయను, చోటు ఎవరికీ చెప్పలేదు. వీధివాళ్లు బోను పెట్టమని అర్జీ రాసి సంతకం అడిగారు. పెట్టనన్నాను. తప్పా?

మిట్ట_వీధి: తప్పే. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. మర్చిపోయారా?

డాబా_ఇల్లు: మర్చిపోలేదు. కానీ తల్లి బోనులో పడితే పిల్లలేం కావాలి? పుణె జిల్లా జున్నర్‌లో చిరుతల్ని పట్టి వేరే అడవుల్లో వదిలారు. వదిలిన చోట్ల మనుషుల మీద దాడులు పెరిగాయని చిరుతల మీద పనిచేసే శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ పరిశోధనలో తేలింది. అక్కడ చెరకు కొట్టేటప్పుడు పిల్లలు దొరికితే అదే తోటలో రాత్రికి పెడతారు, తల్లి వచ్చి తీసుకుపోతుంది.

లెక్క_మనిషి: బండ ఇంటికి ఎన్ని గజాలు?

డాబా_ఇల్లు: రెండు వందలు ఉంటుంది.

లెక్క_మనిషి: కొలిచారా? వందకూ రెండు వందలకూ చాలా తేడా ఉంది.

మిట్ట_వీధి: గజాలు వదిలేయండి సార్. పోయినేడు మా అమ్మవి మూడు మేకలు పోయాయి. పరిహారం కోసం తిరిగితే ఫోటో లేదన్నారు. చీకట్లో మేకను ఈడ్చుకుపోతుంటే ఫోటో ఎవరు తీస్తారు?

కొండగాలి: ఫంక్షన్ హాలు వాళ్లు ఎంగిలి విస్తళ్లు గుట్ట కింద పోస్తున్నారు. వాటికి కుక్కలు, పందులు, వాటి కోసం చిరుత. ముందు అది ఆపించండి.

డాబా_ఇల్లు: మేకలు పోవడం బాధే అన్నా. కానీ అది వాటి అడవి. చోటు బయటపడితే కుర్రాళ్లు సెల్‌ఫోన్లతో ఎగబడతారు. పిల్లలున్న తల్లి మీదికి దూకుతుంది. అందుకే నోరు మూసుకున్నాను.

మిట్ట_వీధి: మీరు తలుపు వేసుకుని మేడ మీద కూర్చుంటారు. మా అమ్మ రోజూ తెల్లారకముందే మేకలు తోలుకుని ఆ గుట్ట కిందే పోతుంది. పది రోజులుగా అక్కడ పిల్లల తల్లి ఉందని మీకు తెలుసు, ఆమెకు తెలియదు. నా కోపం చిరుత మీద కాదు, మీ మీద.

లెక్క_మనిషి: అందుకే దూరం అడిగాను.

డాబా_ఇల్లు: అన్నా, కుర్రాళ్ల గురించే ఆలోచించాను. మేకలు తోలేవాళ్లు తట్టలేదు, నా తప్పే. సంతకం మాత్రం ఇప్పటికీ పెట్టను. ఈ రాత్రే కిందికి వచ్చి ఇంటింటికీ చెబుతాను, ఫారెస్టు వాళ్లకూ ఫోన్ చేస్తాను.

మిట్ట_వీధి: రండి. ఏ బండో చేత్తో చూపించండి. రేపు అమ్మను చెరువు వైపు పంపుతాను.